శుక్ర గ్రహం మీద ప్లేట్లు లేకుండా పర్వతాలు ఎలా లేచాయి?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయండి. సైజులో శుక్రుడు దాదాపు భూమంతే ఉన్నా అక్కడ ప్లేట్ టెక్టానిక్స్ (గ్రహం పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి కదలడం) లేదంటారు కదా, మరి 11 కిలోమీటర్ల మాక్స్‌వెల్ పర్వతాలు ఎలా లేచాయన్నది మొదటిది. నెట్‌లో కనబడే నారింజ రంగు అగ్నిపర్వతాల ఫొటోలు నిజమైనవేనా అన్నది రెండోది. అక్కడ ఇప్పటికీ లావా పారుతోందా అన్నది మూడోది. నేను రెండోదానితో మొదలుపెడతాను. ఆ బొమ్మల్ని ఉన్నదున్నట్టు నమ్మేస్తే మిగతా రెండు ప్రశ్నలూ పక్కదారి పడతాయి.

అవి ఫొటోలు కావు. శుక్రుడి మీద సుమారు 48 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తు వరకు సల్ఫ్యూరిక్ ఆమ్లపు మేఘాలు ఎడతెగకుండా కప్పి ఉంటాయి. కక్ష్యలోంచి మామూలు కెమెరాకు నేల కనబడదు. 1990 ఆగస్టులో అక్కడికి చేరిన నాసా వారి మెజెల్లాన్ నౌక 12.6 సెంటీమీటర్ల రాడార్ తరంగాలను మేఘాల గుండా పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని నమోదు చేసింది. 1994 అక్టోబరులో నౌక పని ముగిసేనాటికి గ్రహంలో 98 శాతం మ్యాపు తయారైంది. ఈ రోజుకీ మాకున్న ప్రధాన ఆధారం అదే. అందులో రంగు అనేదే లేదు. ప్రతి చోట నుంచీ ఎంత బలంగా ప్రతిధ్వని వచ్చింది అన్న అంకెలు మాత్రమే ఉన్నాయి. నారింజ రంగును సోవియట్ వెనెరా 13, 14 నౌకలు నేల మీద దిగి తీసిన చిత్రాల్లోంచి అరువు తెచ్చి పూశారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఎత్తులతో. చూడ్డానికి బాగుండాలని కొన్ని చిత్రాల్లో ఎత్తును 10 రెట్లు, కొన్నింటిలో 22 రెట్లకు పైగా సాగదీశారు. మాట్ మాన్స్ అనే అగ్నిపర్వతాన్నే తీసుకోండి. బొమ్మలో కొబ్బరికాయ కొట్టేంత సూదిగా కనబడుతుంది. నిజానికి అది దాదాపు 400 కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది, శిఖరం గ్రహపు సగటు మట్టానికి 8 కిలోమీటర్ల పైన. లెక్క కడితే సగటు వాలు రెండు మూడు డిగ్రీలకు మించదు.

రాడార్ చిత్రాన్ని చదవడం వేరే విద్య. తెల్లగా ఉందంటే అక్కడి రాయి రంగు తెలుపని కాదు. నేల గరుకుగా ఉండి తరంగాన్ని చిందరవందరగా వెనక్కి కొట్టి ఉండొచ్చు, వాలు రాడార్ వైపు తిరిగి ఉండొచ్చు, లేదా రాతి పదార్థంలోనే ఏదో తేడా ఉండొచ్చు. నల్లగా ఉందంటే చాలావరకు నున్నగా ఉందని అర్థం. మాక్స్‌వెల్ పర్వతాల చిత్రం చూపిస్తే కొత్తగా వచ్చిన విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే మాట అంటారు, "సార్, మంచు!" అని. పై భాగం అంత ధగధగలాడుతుంది. అక్కడ శిఖరం మీద కూడా ఉష్ణోగ్రత 380 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి నీటి మంచు ప్రసక్తే లేదు. ఒక ఎత్తు దాటాక నేల రాడార్‌ను గట్టిగా ప్రతిఫలిస్తుంది, అంతవరకు ఖాయం. కింద వేడికి ఆవిరైన సీసం లేదా బిస్మత్ సల్ఫైడ్ లాంటివి పైకొచ్చి చల్లబడి పూతలా పేరుకున్నాయని ఒక వాదం. రాతిలోని ఖనిజాలే ఆ ఉష్ణోగ్రత దగ్గర విద్యుత్ గుణం మార్చుకుంటాయని ఇంకో వాదం. వెళ్లి గీకి చూసినవాళ్లు లేరు.

నిజమైన ఫొటోలు చూడాలంటే వెనెరావే చూడాలి. 1975లో 9, 10 నౌకలు, 1982 మార్చిలో 13, 14 నౌకలు నేల మీద నుంచి చిత్రాలు పంపాయి. 465 డిగ్రీల వేడి, భూమికన్నా 92 రెట్ల ఒత్తిడి. ఆ పరిస్థితిలో వెనెరా 13 రెండు గంటలు దాటి, 127 నిమిషాలు బతికింది. చిత్రంలో కనబడేది పలకలు పలకలుగా విడిపోయిన చదునైన రాయి, పలకల సందుల్లో సన్నటి మన్ను, ఒక మూలన వంపు తిరిగిన దిగంతం. వెనెరా 14 కథ ఇంకా తమాషా. నేల గట్టిదనం కొలవడానికి చాచిన చెయ్యి, అంతకు ముందే ఊడి పడిన కెమెరా మూత మీదే ఆనింది. అంత దూరం వెళ్లి మూత గట్టిదనం కొలిచారని ఇప్పటికీ నవ్వుకుంటాం. రాతి రసాయన విశ్లేషణ మాత్రం రెండు చోట్లా పనిచేసింది. వెనెరా 13 దిగిన చోట పొటాషియం బాగా ఎక్కువున్న బసాల్టు, 14 దిగిన చోట మన సముద్రగర్భాల్లో, దక్కన్ పీఠభూమిలో దొరికే థోలియైట్ రకం బసాల్టు. అంటే రెండు చోట్లా లావా రాయే.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను.

శుక్రుడు మొత్తం మీద చదునైన గ్రహం. సుమారు 80 శాతం నేల సగటు మట్టానికి ఒక కిలోమీటరు అటూ ఇటూలోనే ఉంటుంది. భూమి అలా కాదు. ఇక్కడ ఖండాలది ఒక మట్టం, సముద్రగర్భాలది ఇంకో మట్టం, రెండింటికీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల తేడా. ఖండాలు తేలికైన గ్రానైట్ రకం రాయి, సముద్రగర్భం బరువైన బసాల్టు, అందుకే ఆ రెండు అంతస్తులు. శుక్రుడి మీద ఒకే అంతస్తు, దాని మీద అక్కడక్కడా ఎత్తులు. ఉత్తరాన ఇష్తార్, భూమధ్యరేఖ పొడవునా ఆఫ్రొడైట్ అని రెండు పెద్ద మెరక ప్రాంతాలు, మిగిలినదంతా లావా మైదానం.

ప్లేట్లు లేవని ఎలా చెబుతున్నాం? భూమి మీద ప్లేట్ల గుర్తులు దాచినా దాగవు. సముద్రాల నడుమ వేల కిలోమీటర్లు సాగే మధ్య గట్లు, ఖండాల అంచున అగాధాలు, వాటి పక్కనే వరసగా అగ్నిపర్వతాలు. ఇవన్నీ కలిసి గ్రహమంతటా ఒక వలలా అల్లుకుని ఉంటాయి. శుక్రుడి మీద పగుళ్లున్నాయి, లోయలున్నాయి, అగ్నిపర్వతాలకైతే లోటే లేదు, చిన్నాపెద్దా కలిపి 85,000 లెక్కపెట్టి 2023లో జాబితా వేశారు. కానీ ఆ వల లేదు. అగ్నిపర్వతాలు ఎక్కడపడితే అక్కడ చల్లినట్టున్నాయి.

ప్లేట్లు అసలు ఎందుకుండాలి అని అడిగితే విషయం తేలికవుతుంది. గ్రహం లోపల వేడి ఉంది. కొంత పుట్టినప్పటిది, కొంత యురేనియం, థోరియం, పొటాషియం క్షయం వల్ల పుడుతున్నది. అది బయటికి పోవాలి. భూమి ఈ పని ఎక్కువగా సముద్రగర్భాలతో చేయించుకుంటుంది. మధ్య గట్ల దగ్గర వేడి రాయి పైకొచ్చి కొత్త నేలవుతుంది, చల్లబడి బరువెక్కి చివరికి అగాధాల దగ్గర లోపలికి దిగిపోతుంది. శుక్రుడి వ్యాసార్థం 6,052 కిలోమీటర్లు, ద్రవ్యరాశి భూమిలో 81 శాతం. కాబట్టి లోపలి వేడి కూడా ఇంచుమించు అంతే ఉండాలి. దారి మాత్రం వేరు.

తేడా ఎక్కడొచ్చిందంటే, నీళ్ల దగ్గర అని నాతో సహా చాలామంది చెబుతారు. రాతిలో కొద్దిపాటి నీరున్నా దాని బలం తగ్గుతుంది, తక్కువ వేడికే కరుగుతుంది, పగుళ్ల వెంట జారుతుంది. ప్లేట్లు విరిగి ఒకదాని కిందికి ఒకటి దూరడానికి అది కావాలి. శుక్రుడి వాతావరణంలో భార హైడ్రోజన్ వాటా భూమి మీదకన్నా 150 రెట్లు ఎక్కువ. తేలిక హైడ్రోజన్ అంతరిక్షంలోకి పోగా బరువుది వెనకపడి మిగిలింది. అంటే ఒకప్పుడు నీరుండేది, పోయింది. ఇప్పుడు పైపటలం ఎండిపోయి, పగలని ఒకే మూతలా గ్రహాన్ని కప్పి ఉంది.

మూత పగలదు సరే, కదలదని ఎవరన్నారు? మీ ప్రశ్న చిక్కుముడి ఇక్కడే ఉంది. కింద మాంటిల్‌లో, అంటే పటలానికి అడుగున ఉండే మందపాటి రాతి పొరలో, వేడి రాయి పైకి, చల్లటి రాయి కిందికి నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకి పైమూత ఒక చోట సాగుతుంది, ఒక చోట ముడుచుకుంటుంది. 2021లో గ్రహశాస్త్రవేత్త పాల్ బర్న్ బృందం మెజెల్లాన్ చిత్రాలను మళ్లీ జల్లెడ పట్టి, లోతట్టు మైదానాల్లో పటలం దిమ్మెలు దిమ్మెలుగా విడివడి ఒకదాన్నొకటి ఒరుసుకున్న గుర్తులు చూపించింది. దిమ్మెల లోపల పెద్దగా ముడతల్లేవు, అంచుల్లో మాత్రం గట్లు, చీలికలు. ప్లేట్లంత దూరం ప్రయాణించవు, ఒకదాని కిందికి ఒకటి మునిగిపోవు. ఉన్నచోటే కొద్దికొద్దిగా తోసుకుంటాయి.

మాక్స్‌వెల్ దగ్గర ఆ తోపుడే భారీ ఎత్తున జరిగింది. ఇష్తార్ పడమటి భాగంలో లక్ష్మీ ప్లానమ్ అని ఒక పీఠభూమి ఉంది. అవునండీ, మన లక్ష్మీదేవి పేరే. శుక్రుడి మీద దాదాపు అన్నీ స్త్రీల, దేవతల పేర్లు, భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఒక్కడే మగవాడు. టిబెట్‌ను తలపించే ఈ పీఠభూమి సగటు మట్టానికి మూడున్నర నాలుగు కిలోమీటర్ల ఎత్తులో దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. చుట్టూ కోటగోడల్లా పడమట అక్నా, ఉత్తరాన ఫ్రెయా, దక్షిణాన డాను, తూర్పున మాక్స్‌వెల్. ఈ శ్రేణుల్లో గట్లన్నీ ఒకదాని పక్క ఒకటి సమాంతరంగా, పటలం పక్క నుంచి నొక్కుకుపోయి ముడతలు పడినప్పుడు వచ్చే తీరులోనే ఉన్నాయి. కాబట్టి ఇవి అగ్నిపర్వతాలు కావు, ముడత పర్వతాలు. నొక్కింది ఏమిటన్న దాని మీదే వాదన. ఆ ప్రాంతం కింద మాంటిల్ చల్లబడి కిందికి దిగుతూ పటలాన్ని అన్నివైపుల నుంచి లోపలికి లాగిందని కొందరు, కింద నుంచి వేడి రాయి ఉబ్బి పీఠభూమిని లేపితే అంచులు ముడతలు పడ్డాయని ఇంకొందరు. ముడతల ఆకారానికి మొదటిదే బాగా కుదురుతుందని నాకనిపిస్తుంది, కానీ పీఠభూమి నడిమి కొలెట్, సకాజవియా అనే రెండు పెద్ద అగ్నిపర్వత గుంటలకు అది సరైన జవాబు ఇవ్వదు.

అసలు ఆశ్చర్యం పర్వతం లేవడం కాదు, నిలవడం. 465 డిగ్రీల నేల మీద అంత ఎత్తు రాయి తన బరువుకి తానే కుంగి పక్కలకు జారిపోవాలి. మామూలు బసాల్టు రాయి లెక్కలు వేస్తే త్వరలోనే చదునైపోవాలని వచ్చేది. 1998లో ప్రచురించిన ప్రయోగాలతో ఆ చిక్కు చాలావరకు తీరింది. నీటి చుక్క లేకుండా ఎండబెట్టిన డయాబేస్ (బసాల్టు జాతిదే) రాయిని వేడి చేసి నొక్కితే, అంతకు ముందు తేమతో కొలిచినదానికన్నా ఎంతో గట్టిగా ఉందని తేలింది. నీళ్లు పోవడం ప్లేట్లను ఆపింది, ఆ పోవడమే పర్వతాల్ని నిలబెట్టింది కూడా.

మాక్స్‌వెల్ తూర్పు వాలు మీద క్లియోపాత్రా అని సుమారు 100 కిలోమీటర్ల గుండ్రటి గుంట ఉంది. మెజెల్లాన్‌కు ముందు దాన్ని అగ్నిపర్వత ముఖద్వారమని వాదించినవాళ్లు చాలామంది. దగ్గరగా చూశాక ఒకదాంట్లో ఒకటిగా రెండు వలయాలు, చుట్టూ ఎగజిమ్మిన రాళ్ల దుప్పటి తేటగా కనబడ్డాయి. అది గ్రహశకలం కొట్టిన బిలం. ఆ దెబ్బకు కరిగిన రాయి అంచు తెంపుకుని కింది లోయల్లోకి పారింది. పర్వతం ముడతలు పడినా, బిలం ఆకారం పెద్దగా చెదరలేదు. అంటే మడత పని చాలావరకు అయిపోయాకే ఈ దెబ్బ తగిలింది. ఫీల్డుకి వెళ్లే వీలు లేనప్పుడు ముందేది వెనకేది తేల్చుకోవడానికి మాకు ఇలాంటి చోట్లే దిక్కు.

మిగతా భూరూపాల్లో మీరు తప్పక చూడాల్సినవి మూడు. కరోనాలంటే గుండ్రటి గట్లు, పగుళ్ల వలయాలు, సుమారు 500 దాకా ఉన్నాయి. చిన్నవి వంద కిలోమీటర్ల లోపే, ఆర్టెమిస్ ఒక్కటే 2,000 కిలోమీటర్లు దాటుతుంది. వేడి రాయి స్తంభంలా లేచి పటలాన్ని ఉబ్బించి, తర్వాత అంచులు కుంగితే ఇలా వస్తాయి. భూమి మీద వీటికి సరిజోడు చూపించలేను. ఆర్టెమిస్ లాంటి పెద్దవాటి అంచున పటలం కొంతమేర కిందికి వంగి మునిగి ఉండొచ్చని 2017లో ప్రయోగశాల నమూనాలతో చూపారు. కాబట్టి మూత అసలే పగలదు అన్న నా పై మాటకు ఇది చిన్న సవరణ.

రెండోవి ఆల్ఫా రీజియో అనే మెరక ప్రాంతం తూర్పు అంచున వరసగా ఉన్న ఏడు లావా దిమ్మెలు. ఒక్కోటి సగటున 25 కిలోమీటర్ల వెడల్పు, ఎత్తు మహా అయితే 750 మీటర్లు. పైన చదును, అంచులు నిటారు, అచ్చం మూకుడులోంచి తీసిన దిబ్బరొట్టె. అమెరికన్లు పాన్‌కేక్ అన్నారు గానీ పాన్‌కేక్ ఇంత మందంగా ఎక్కడుంటుంది! పలుచని లావా ఇలా ఒక్కచోట పోగుపడదు, దూరం పారిపోతుంది. చిక్కటి లావా కావాలి. అది సిలికా ఎక్కువై చిక్కబడిందా, లేక బుడగలు, స్ఫటికాలు నిండి చిక్కబడిందా అన్నది రాడార్ చిత్రం చెప్పలేదు.

మూడోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బాల్టిస్ వాలిస్ అనే కాలువ ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల వెడల్పుతో 6,800 కిలోమీటర్లు వెళుతుంది. నైలు నదికన్నా పొడవు. నీళ్లు తవ్వింది కాదు, లావా తవ్వింది. లావా అంత దూరం ఎలా పారుతుందని అనుమానపడేవాళ్లకు నేను రాజమండ్రి చూపిస్తాను. కాతేరు, పంగిడి క్వారీల్లోని బసాల్టు పొరలు పడమటి కనుమల వైపు పుట్టి, అప్పటి నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చినవని రసాయన పోలికల ఆధారంగా చాలామంది అంగీకరించారు. భూమి మీద అతి పొడవైన లావా ప్రవాహాలు అవే అంటారు. బాల్టిస్ దానికి దాదాపు ఏడింతలు. ఇంకో తమాషా ఏమిటంటే ఇప్పుడు ఆ కాలువ అడుగు మట్టం కొలిస్తే ఎత్తు ఎక్కుతూ దిగుతూ పోతుంది. లావా ఎత్తు ఎక్కదు కదా. కాలువ పారాక నేలే కిందా మీదా అయింది. మూత కదులుతుందనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు తెలిసి లేదు.

నేల వయసు గురించి మీరు అడగలేదు గానీ మూడో ప్రశ్నకు అది కావాలి. శుక్రుడి మీద ఉల్కాబిలాలు వెయ్యికి కాస్త తక్కువ, అంతే. రెండు కిలోమీటర్లలోపువి దాదాపు లేవు, చిన్న రాళ్లు ఆ దట్టమైన గాల్లోనే పేలి పొడైపోతాయి. ఉన్నవాటి సంఖ్యను బట్టి నేల సగటు వయసు సుమారు 50 కోట్ల ఏళ్లు అంటారు. 30 కోట్లు అనేవాళ్లూ ఉన్నారు, 80 కోట్లు అనేవాళ్లూ ఉన్నారు. చిక్కేమిటంటే బిలాలు గ్రహమంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయి, పాత ప్రాంతం కొత్త ప్రాంతం అన్న తేడా తెలియదు. అందుకే 1990లలో, మొత్తం గ్రహం ఒక్కసారిగా లావాతో కప్పుకుపోయి తర్వాత నిద్రపోయిందన్న సిద్ధాంతం బలంగా ఉండేది. వినడానికి సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది కాబట్టి యూట్యూబ్‌లో ఇప్పటికీ అదే నడుస్తోంది. నేను దాని పక్షం కాదు. బిలాల్లో ఎక్కువ శాతం చెక్కుచెదరలేదన్నది ఆ సిద్ధాంతానికి ముఖ్య ఆధారం. తర్వాత స్టీరియో చిత్రాలతో, అంటే ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన జంటలతో, లోతులు కొలిస్తే, అడుగు నల్లగా కనబడే బిలాలు లోపల కొంత నిండిపోయి ఉన్నాయని తేలింది. అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా లావా కప్పుతూ వచ్చిందంటేనే ఇది కుదురుతుంది. లావా మైదానాలకు లొంగకుండా మిగిలిన పాత నేల టెసెరాలు. రెండు మూడు దిక్కుల్లో ముడతలు, పగుళ్లు ఒకదాన్నొకటి కోసుకుని గళ్లుగళ్లుగా ఉంటాయి. మొత్తం నేలలో ఏడెనిమిది శాతం. యూరప్ వారి వీనస్ ఎక్స్‌ప్రెస్ నౌక పరారుణ కొలతల్లో కొన్ని టెసెరాలు చుట్టుపక్కల బసాల్టుకన్నా వేరుగా కనబడ్డాయి. అవి గ్రానైట్ లాంటివైతే, ఆ రాయి పుట్టినప్పుడు అక్కడ నీరుందని అనుకోవాలి.

మూడో ప్రశ్నకు జవాబు, పారుతోంది అనే నా నమ్మకం. 2023 మార్చిలో రాబర్ట్ హెరిక్, స్కాట్ హెన్స్‌లీ అనే శాస్త్రవేత్తలు పాత మెజెల్లాన్ చిత్రాల్లోంచే దీన్ని బయటికి తీశారు. మాట్ మాన్స్ ఉత్తర వాలు మీద ఒక లావా ముఖద్వారం 1991 ఫిబ్రవరిలో గుండ్రంగా, సుమారు 2.2 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంది. అదే ఏడాది అక్టోబరు చిత్రంలో ఆకారం వంకర పోయి, దాదాపు 4 చదరపు కిలోమీటర్లకు పెరిగి, లోతు తగ్గి, లావా అంచుదాకా వచ్చినట్టు కనబడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మొదటి చిత్రం నౌక ఎడమ వైపుకి, రెండోది కుడి వైపుకి చూస్తూ తీసినవి. చూసే దిక్కు మారితే మారని గుంట కూడా వేరుగా కనబడుతుంది. అందుకే వాళ్లు కంప్యూటర్‌లో రకరకాల ఆకారాల గుంటలు కట్టి, రెండు వైపుల నుంచి రాడార్‌కు ఎలా కనబడతాయో లెక్కేసి చూశారు. ఒకే ఆకారంతో రెండు చిత్రాలూ కుదరలేదు. గుంట కూలి ఉండొచ్చు, లావా నిండి ఉండొచ్చు, రెండూ జరిగి ఉండొచ్చు. 2024లో ఇటలీ బృందం సిఫ్ మాన్స్ వాలు మీద, నియోబే మైదానంలో కొత్త లావా పారిన గుర్తులు కూడా అదే నౌక డేటాలో చూపింది. ఒక్క గుంట ఆధారంగా ఉన్నప్పుడు నాకు కొంచెం అనుమానం మిగిలింది, మూడు చోట్లయ్యాక తగ్గింది.

ఇక ముందు సంగతి. నాసా వెరిటాస్, యూరప్ వారి ఎన్‌విజన్ మెజెల్లాన్‌కన్నా ఎంతో స్పష్టమైన రాడార్‌తో వెళ్లబోతున్నాయి, నాసాదే డావించీ అనే ఇంకో నౌక ఆల్ఫా రీజియో టెసెరా మీదికి దిగుతూ చిత్రాలు తీస్తుంది. మన కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో 1,236 కోట్ల రూపాయలతో ఇస్రో శుక్ర యాత్రకు ఆమోదం ఇచ్చింది, ప్రయోగం 2028 మార్చికి అనుకున్నారు. ఏది ముందు చేరినా మొదట చేయాల్సిన పని, 1991లో తీసిన చోటే మళ్లీ తీసి పక్కపక్కన పెట్టడం.

అంతదాకా ఆగక్కర్లేదు. మెజెల్లాన్ చిత్రాలన్నీ అమెరికా భూగర్భ సర్వే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నౌక గ్రహాన్ని విడతలవారీగా మ్యాపు చేసింది, వాటిలో మొదటి, మూడో విడతల చిత్రాలు ఒకే వైపు నుంచి వేర్వేరు కోణాల్లో తీసినవి కాబట్టి ఆ జంటను స్టీరియోగా చూస్తే ఎత్తుపల్లాలు కంటికి కనబడతాయి. మాట్ మాన్స్‌తో కాకుండా ఆ ఏడు దిమ్మెలతో మొదలుపెట్టండి, అంచులు నిటారుగా ఉంటాయి కాబట్టి కన్ను త్వరగా అలవాటు పడుతుంది. ఏదైనా చిత్రంలో సందేహం వస్తే ఫ్రేము నంబరు, ఏ విడతదో రాయండి, చూసి చెబుతాను.